అమీర్‌పేటలో విప్పి కుట్టిన సంచి

మా నిడదవోలు నుంచి అమీర్‌పేటకు ఏటా ఎంతోమంది వెళ్తుంటారు. కోర్సు కోసం వెళ్తారు, ఉద్యోగం దొరికేదాకా ఉంటారు, దొరికాక అక్కడే ఉండిపోతారు. నేను మూడు రోజులుండి ఒక సంచిని విప్పి మళ్ళీ కుట్టుకున్నాను. నిజానికి బయల్దేరింది హంపి చూడటానికి. అమీర్‌పేట నుంచి సాయంత్రాలు అటు బస్సులుంటాయి. నా స్నేహితురాలు శిరీష అక్కడే హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తోంది. ఇద్దరం కలిసి హంపి వెళ్ళాలని డిగ్రీ రోజుల నుంచి అనుకుంటున్నాం. హంపి గురించి చూసినవాళ్ళు చాలామంది రాశారు. అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఉన్న కాస్త దూరం గురించి ఎవరూ రాసినట్టు లేదు. అందుకని ఇది.

బేగంపేట దాకా

సంచి కత్తిరించింది మా పిన్ని, కుట్టింది నేను. పిన్నికి మా వీధిలో జాకెట్ల దుకాణం ఉంది. మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని హెమ్మింగు చేస్తాను, పని లేనప్పుడు మిషను బల్ల చాటున పుస్తకం పెట్టుకుని చదువుకుంటాను. పిన్ని జీవితంలో జాకెట్టు తప్ప ఇంకొకటి కత్తిరించి ఎరగదు. ప్రయాణానికి సంచి కావాలంటే నన్ను నిలబెట్టి, టేపుతో భుజం నుంచి నడుము దాకా కొలిచింది. ఆవపిండి రంగు కర్టెన్ గుడ్డ ఒకటి మిగిలి ఉంటే బల్ల మీద పరిచి, ఒక మూలని తెచ్చి ఎదురు మూల మీద వేసి, ఐమూలగా మడిచింది.

"క్రాస్ కట్ అయితే ఒంటికి పట్టినట్టు ఉంటుందే" అంది.

లోపల రెండంగుళాల గుడ్డ కూడా వదిలింది. ఒళ్ళు వస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి జాకెట్టుకు వదులుతారే, అది. మూతికి హుక్కులు, కాజాలు పెట్టించింది. ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

నిడదవోలు ప్లాట్‌ఫాం మీద నడుము దగ్గరున్న సంచి, పొద్దున్నే బేగంపేటలో దిగి మెట్లెక్కేసరికి తొడకి తగులుతోంది. స్టేషన్ బయటికి వచ్చాక మోకాలికి. రాత్రికి రాత్రి నేనే పొట్టిదాన్ని అయిపోయానా అనిపించింది. ఆటో అతను నూట ఇరవై అన్నాడు. మీటరు వేయమని అడగడానికి మాటలు కూడగట్టుకునేలోపు మధురానగర్ వచ్చేసింది.

మధురానగర్

శిరీష హాస్టల్ మూడో అంతస్తులో. రెండో అంతస్తు మలుపులో సంచి పట్టీ ఊడిపోయింది. గుడ్డ చిరగలేదు, కుట్టు దారం పటపటమని తెగింది. నేనూ శిరీషా తినడానికని అమ్మ పెట్టిన రెండు స్టీలు కంచాలు మెట్ల మీద చప్పుడు చేసుకుంటూ కింది దాకా వెళ్ళాయి. తలుపులన్నీ తెరుచుకున్నాయి. నోట్లో బ్రష్షుతో ఒకమ్మాయి ఒక కంచం పట్టుకొచ్చి, "భోజనాలు ఎన్ని గంటలకు?" అని అడిగింది. అందరూ నవ్వారు. నవ్వాలని నాకూ ఉంది, కానీ నా నవ్వు ఎప్పుడూ కాస్త ఆలస్యంగా వస్తుంది. వచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి.

శిరీష అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయింది. దాని మంచం కిటికీ పక్కది. గదిలో మంచాలు నాలుగు, వాటి తలవైపు ఇనప బీరువాలు, కర్టెన్ రాడ్డు మీద ఆరని బట్టలు. వచ్చిన ప్రతి అమ్మాయీ "ఏ కోర్సు?" అని అడిగింది. ఏ కోర్సూ కాదంటే ఇంక అడగడానికేమీ మిగలలేదు వాళ్ళకి. మా ఊళ్ళో కొత్త మనిషి కనబడితే ఎవరమ్మాయివి, ఎవరింటికొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అని కనుక్కునేదాకా వదలరు. ఆ ప్రశ్నలు తప్పించుకోవడానికి నేను సందుల్లోంచి నడుస్తాను. ఇక్కడ ఎవరూ అడగలేదు. మొదటి పూట హాయిగా ఉంది. మధ్యాహ్నం భోజనానికి కింద వరసలో నిలబడ్డాను. పక్కనున్నవాళ్ళందరూ ఫోనుల్లో ఎవరితోనో మాట్లాడుతూ పప్పు వడ్డించుకుంటుంటే, నా కంచం నాకే మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

శిరీష చీకటి పడ్డాక వచ్చింది. నన్ను గట్టిగా పట్టుకుంది. చిక్కిపోయింది. సున్నుండలు రెండు నిలబడే తిని, మంచం మీద కూలబడి, బ్యాగు తీయకుండానే చెప్పింది.

"సారీయే భానూ. ఈ వారం రిలీజు ఉందట. మేనేజరు సెలవు ఇవ్వనన్నాడు. నిన్న రాత్రే తెలిసింది, నువ్వప్పటికి రైలెక్కేశావు."

ఏమీ ఫరవాలేదన్నాను. అలాంటి మాటలు మాత్రం నాకు వెంటనే వస్తాయి.

"వచ్చే నెల పక్కా వెళ్దాం" అంటూ ఫోను తీసి, వేలితో రెండుసార్లు నొక్కి, తన టికెట్టు రద్దు చేసింది. "నీది కూడా తీసెయ్యనా?"

దాని ముఖంలో నాకు ఇబ్బంది కలిగించకూడదన్న తొందర తప్ప ఇంకేం లేదు. వచ్చే నెల అంటే ఏమిటో నాకు తెలుసు. నాలుగేళ్ళుగా వింటున్నాను. శిరీషది అబద్ధం కాదు, చెప్పిన ప్రతిసారీ అది నిజంగానే నమ్మింది.

"బస్సు ఎల్లుండి సాయంత్రం కదా. రేపు చెబుతాలే" అన్నాను.

నేనెప్పుడూ ఒంటరిగా రాత్రి బస్సెక్కలేదు. రైలంటే మా వీధివాళ్ళు ఎవరో ఒకరు అదే పెట్టెలో ఉంటారు. శిరీష తోడుంటుందనే అమ్మ పంపింది. మానుకుని తిరిగి వెళ్తే ఎవరూ ఏమీ అనరు. అదే నా భయం. ఎవరూ ఏమీ అనకుండా, దుకాణంలో మళ్ళీ హెమ్మింగుకు కూర్చుంటాను. హంపి గురించి ఇంకో పుస్తకం తెచ్చుకుంటాను.

అమీర్‌పేట

మర్నాడు పొద్దున సంచిని చంకలో పెట్టుకుని అమీర్‌పేట వెళ్ళాను. వెళ్ళినా, తిరిగి ఇంటికొచ్చినా సంచి కావాలి కదా.

అక్కడి రోడ్డు మీద నడిచేవాళ్ళ చేతుల్లోకి కాగితాలు వచ్చి పడుతుంటాయి. ఫలానా కోర్సు, డెమో ఫ్రీ, నలభై అయిదు రోజుల్లో ఉద్యోగం. వద్దనడం తెలియనివాళ్ళు ఆ రోడ్డు మీద నడవకూడదు. మెట్రో స్తంభం నుంచి సందు మొదలు దాకా వెళ్ళేసరికి నా దగ్గర ఒక పుస్తకానికి సరిపడా పోగయ్యాయి. బోర్డు మీద బోర్డు, దాని మీద ఇంకో బోర్డు. ఇంటి గోడ రంగు ఏమిటో ఎక్కడా కనబడదు.

మొదటి టైలరు సంచిని ముట్టుకోకుండానే, దళసరి గుడ్డకు సూది విరుగుతుందన్నాడు. రెండో దుకాణంలో వారం ఆగమన్నారు. మూడోది సందు లోపల, ఒక జిరాక్స్ షాపు మెట్ల కింద ఉన్న చిన్న గది. "ఫాల్, పికో చేయబడును" అని రాసి ఉంది. నల్ల బురఖా మీద టేపు మెడలో వేసుకుని యాభై ఏళ్ళావిడ చీరకు ఫాల్ కుడుతోంది. వచ్చేపోయేవాళ్ళు నస్రీన్ ఆపా అంటున్నారు.

ఆవిడ సంచిని తిప్పి, లోపలి వైపు బయటికి తీసి చూసింది. వదిలిన గుడ్డ చూసింది. హుక్కులు ఒక్కొక్కటీ చూసింది.

"ఎవరు కోసిండ్రు గిది?"

మా పిన్ని అన్నాను.

"మీ పిన్ని జాకెట్లు మస్తు కుడ్తది. బ్యాగు సుత జాకెటే కుట్టింది."

ఈసారి నా నవ్వు సమయానికే వచ్చింది. ఆవిడ కుడుతున్న చీర ముడతలోకి నవ్వి, తనకు పని చాలా ఉందనీ, పక్క మిషను ఖాళీయే కాబట్టి నన్నే కూర్చుని కుట్టుకోమనీ చెప్పింది. ఊడిన పట్టీని యథాస్థానంలో పెట్టి నాలుగు వరసలు కుట్టాను. ఆవిడా చూసి సరేనంది. తర్వాత తెలిసిందేమంటే, ఆవిడ చేతులూ జాకెట్ల చేతులే.

మధ్యలో ఎదురు హోటల్ వైపు చూసి "వన్ బై టూ" అని కేకేసింది. ఒక చాయ్ రెండు చిన్న కప్పుల్లో సగం సగం వచ్చింది. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి సగం కప్పు ఇస్తే పదేళ్ళు చెప్పుకుంటారు. ఇక్కడ అది పరిచయం. చిక్కగా, మరీ తియ్యగా ఉంది, రెండు గుటకల్లో అయిపోయింది.

ఎక్కడికి ప్రయాణమని అడిగింది. హంపి అన్నాను. ఎవరితో అంటే, ఫ్రెండుతో అన్నాను. డబ్బు ఇవ్వబోతే దారం మటుకు తీసుకుని, హుక్కులు తీసి జిప్పు వేసుకోమనీ, బ్యాగు జిప్పులు పంజాగుట్ట వైపు దొరుకుతాయనీ చెప్పింది.

పంజాగుట్ట

నడిచే వెళ్ళాను. కుట్టు నిలబడుతుందో లేదో చూద్దామని ముందు హాస్టల్‌కి వెళ్ళి, తెచ్చుకున్నవన్నీ అందులో సర్దుకుని మరీ బయల్దేరాను. నా పుస్తకాలు మూడు, రెండు కంచాలు, ఇద్దరికీ పరిచేంత దుప్పటి, శిరీషకని కొన్న టోపీ. నెత్తి మీద మెట్రో వెళ్తుంటే నీడ కూడా దాంతోపాటే వెళ్ళిపోతుంది. చీరల కొట్ల అద్దాల్లో బొమ్మలకు నాకన్నా మంచి బట్టలున్నాయి. ఒక అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. సంచి మళ్ళీ మోకాలి దగ్గరికి వచ్చింది.

చౌరస్తా దాటాక ఒక సందు మొదట్లో బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసే అతను ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉన్నాడు. ఒక పెద్దాయన ట్రాలీ చక్రం వేయించుకుంటూ స్టూలు మీద ఉన్నాడు. నా వంతు వచ్చేదాకా నిలబడి, జిప్పు వెయ్యాలన్నాను. బాగుచేసే అతను సంచి అందుకుని, పట్టీ ఒక చివర కాలి బొటనవేలు కింద తొక్కి, రెండో చివర లాగాడు. పట్టీ మా కళ్ళ ముందే జానెడు పెరిగింది.

"రబ్బరు పెట్టించిండ్రా?" అన్నాడు స్టూలు మీది పెద్దాయన.

"లేదు సార్, గుడ్డ ఐమూలగ కోసిండ్రు" అన్నాడు అతను. తర్వాత నాతో, "ఎన్నిసార్లు కుట్టినా గింతే అమ్మా. గుడ్డ సాగుతది, దారం సాగదు. తెగుతది. జిప్పు ఏస్తే అదీ పోతది. నేనెయ్య."

గుడ్డ పని తను చేయనని సంచి చేతిలో పెట్టి, మళ్ళీ చక్రం మీదికి వంగాడు. పెద్దాయన మాత్రం నా ముఖం చూసి కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు. నవారు వేసుకోమ్మా, మంచాలకు వేస్తారే అది, సాగదు అని చెప్పి దుకాణం కూడా చూపించాడు. గజం పాతిక రూపాయలు. బేరమాడకుండా మూడు గజాలు తీసుకున్నాను. జిప్పు అరవై.

తిరిగొచ్చేటప్పుడు నడవలేక షేర్ ఆటో ఎక్కాను. సంచి ఒళ్ళో పెట్టుకుంటే పక్కావిడ, అందులో బియ్యమా అని అడిగింది.

అమీర్‌పేట రోడ్డు పక్కన పొయ్యిలు వెలిగించి ఆడవాళ్ళు జొన్నరొట్టెలు చేస్తున్నారు. పిండి ముద్దని అరచేతుల మధ్య తిప్పుతూ కొడుతుంటే చంద్రుడంత అవుతుంది. మా వైపు జొన్నరొట్టె అంటే షుగరు ఉన్నవాళ్ళ తిండి. ఇక్కడ ఆఫీసు ట్యాగులు మెడలో ఉన్న కుర్రాళ్ళు కూడా వరసలో ఉన్నారు. ఇరవై రూపాయలకు ఒకటి, పక్కన ఎర్రకారం. మూసిన దుకాణం మెట్టు మీద కూర్చుని తిన్నాను. నా ముందు నుంచి అంతమంది వెళ్తున్నారు, ఒక్కరికీ నేను అడ్డం కాదు. ఇంత జనంలో ఇంత ఖాళీ ఉంటుందని మా ఊళ్ళో ఉండగా నాకు తెలియదు.

గదికి వెళ్ళేసరికి శిరీష ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. నాకు చెయ్యి ఊపి, పక్కకు జరిగి చోటిచ్చింది. మాటలు అయ్యేదాకా మేలుకుని ఉందామనుకున్నాను. ఏం చెప్పాలో నిశ్చయం కాకపోవడంతో నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు డైరీలో రాసుకున్నది ఒక్క మాటే: ఐమూల.

మళ్ళీ మెట్ల కింద

మూడో రోజు శుక్రవారం. నస్రీన్ ఆపా నమాజు అయ్యాకే దుకాణం తీసింది. అంతదాకా జిరాక్స్ షాపు మెట్టు మీద కూర్చుని సంచి కుట్లన్నీ విప్పాను. పిన్ని కుట్టించిన వరసలు మూడు, నేను నిన్న వేసినవి నాలుగు. అన్నీ పోయాక అది మళ్ళీ కర్టెన్ గుడ్డ అయింది.

జరిగింది చెబితే ఆవిడ నుదురు కొట్టుకుంది. నిన్న తన కళ్ళకూ కనబడలేదు కదా అని కాసేపు తననీ, మా పిన్నినీ కలిపి తిట్టుకుంది. ముక్కల్ని బల్ల మీద పరిచి, నిలువు పోగు ఎటుందో గోటితో గీసి చూసింది. ఐమూల ముక్కల్లోంచి నిలువు ముక్కలు తీయాలంటే నాలుగు మూలలూ పోతాయి. సంచి బాగా చిన్నదవుతుంది. ఇంకో గుడ్డ జతచేస్తే పెద్దదీ చేయొచ్చు. తన దగ్గర ముక్కలున్నాయంది.

"కొలత చెప్పు" అంది, కత్తెర చేతిలోకి తీసుకుని. "ఇద్దరి సామాను పెట్టాల్నా, ఒక్కదానిదా?"

నేను చేతిలోని నవారు చుట్ట విప్పి మళ్ళీ చుట్టాను. ఆవిడ నేను వినలేదనుకుంది.

"కొలత చెప్పకుంటే ఎట్ల కోస్తరు బేటీ?"

"మా ఫ్రెండు రావడం లేదండీ" అన్నాను.

కత్తెర ఆగింది. ధైర్యం చెబుతుందేమోననీ, వద్దంటుందేమోననీ రెండిటికీ భయపడ్డాను. రెండూ చేయలేదు.

"మరి ఆమె సామాను నువ్వెందుకు మోస్తున్నవ్?"

అంతే అంది. అని, నా జవాబు కోసం కత్తెర తెరిచి పట్టుకునే ఉంది. బయట ఎవరో ఫాల్ అయిందా అని అడుగుతున్నారు. ఇంకా పేరు పెట్టని ఒక నిర్ణయం కోసం ఒక మనిషి పని ఆపుకుని నిలబడితే ఎక్కువసేపు ఆలోచించడం కుదరదు.

"ఒక్కదానికే" అన్నాను.

ఆవిడ నా చేతికి సుద్దముక్క ఇచ్చింది. గీసింది నేను, కోసింది ఆవిడ. తర్వాత పక్క మిషను మీద నేనే కుట్టాను. అడుగు నుంచి నవారు చుట్టూ తిప్పి పైకి తెచ్చి పట్టీలు చేశాను. జిప్పు ఒకసారి వంకర పోయింది, విప్పి మళ్ళీ వేశాను. లోపల గుడ్డ వదలలేదు. ఆవిడ పట్టీని కాలితో తొక్కి లాగి చూసి, తల ఊపి, తన ఫాల్ పనిలో పడిపోయింది. మళ్ళీ అమీర్‌పేట వస్తే కలవమంటుందేమో అనుకున్నాను. అనలేదు. నేనూ వస్తానని చెప్పలేదు. ఇద్దరం నిజమే మాట్లాడుకున్నట్టు లెక్క.

హాస్టల్‌కి వెళ్ళి సర్దుకుంటే రెండో కంచం పట్టలేదు. దుప్పటి పట్టలేదు, పుస్తకాల్లో రెండు పట్టలేదు. శిరీష బీరువాలో అడుగున పెట్టి, పైన టోపీ పెట్టాను. టికెట్టు ఉంచెయ్యమని దానికి మెసేజి చేశాను. చాలాసేపటికి జవాబు వచ్చింది: "నిజంగానా?? ఎక్కేముందు వస్తా, ఆగు."

బస్సు ఆగే చోటు

హంపి బస్సు ఆగేది మెట్రో స్టేషన్‌కి కొంచెం అవతల, ట్రావెల్స్ ఆఫీసుల ముందు. అక్కడ నిలబడినవాళ్ళందరూ ఎవరికో ఒకరికి టాటా చెబుతున్నారు. బెంగళూరు బస్సులు వెళ్ళాయి, తిరుపతి బస్సు వెళ్ళింది. శిరీష నుంచి మెసేజి వచ్చింది, మీటింగు ఇంకా అవలేదట. కింద ఏడుపు బొమ్మలు మూడు. ఫరవాలేదని రాశాను. ఈసారి అది రాయడానికి కాస్త సేపు పట్టింది.

ఇంకా వెనక్కి వెళ్ళొచ్చు. హాస్టల్ పది నిమిషాల నడక. పొద్దున్నే రైలు. నేను అటు తిరిగాను కూడా. అప్పుడే అమ్మ ఫోను చేసింది.

ఎక్కారా అని అడిగింది. తిన్నారా అంది. శిరీషకి ఒకసారి ఇవ్వమంది.

"అది రావట్లేదమ్మా. సెలవు దొరకలేదు."

అటువైపు కుక్కరు కూత వేసింది.

"మరి నువ్వు?"

"ఎక్కేశాను" అన్నాను.

నేనింకా ఫుట్‌పాత్ మీదే ఉన్నాను. బస్సు రానేలేదు. ఆటోల హారన్లు అమ్మకి వినబడే ఉంటాయి. ఇంకోసారి అడిగితే నిజం చెప్పేసేదాన్ని. అడగలేదు.

"కిటికీ పక్కదేనా సీటు?"

"ఆ."

"తల బయట పెట్టకు" అని ఫోను పెట్టేసింది.

బస్సు వచ్చినప్పుడు అందరికంటే ముందు ఎక్కాను. ఎక్కేశానని చెప్పాక ఇంకా కింద ఉండటం బాగుండదనిపించింది. సంచి డిక్కీలో వేస్తానని బస్సతను చెయ్యి చాపితే, వద్దండీ అన్నాను. మూడు రోజుల్లో ఆ ఊళ్ళో ఒకరికి వద్దని చెప్పడం అదే మొదటిసారి. కిటికీ అద్దం తెరుచుకునే రకం కాదు. ఖైరతాబాద్ వైపు దీపాలన్నీ అద్దంలో వెనక్కి వెళ్ళాయి.

శిరీష వదిలేసిన సీటు ఎవరైనా కొనుక్కుని ఉంటారని, ఆగిన ప్రతిచోటా తలుపు వైపు చూశాను. కొందరు ఎక్కారు, అందరూ వెనక్కే వెళ్ళారు. ఆరాంఘర్ దాటేదాకా సంచిని ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఆ తర్వాత ఊరు అయిపోయింది, బస్సులో దీపాలు ఆర్పేశారు. సంచిని పక్క సీట్లో పెట్టి, కాళ్ళు చాపుకున్నాను.